ఆదివారం షెల్టర్‌కెళ్ళి ముసలి కుక్కను చూసుకోవడం ఎలా?

“ఆదివారాలు ఖాళీగానే ఉంటున్నా, కుక్కల షెల్టర్‌కి వద్దామని ఉంది, వచ్చి ఏం చేయాలి?” ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

షెల్టర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు అందరూ పిల్లకుక్కల దగ్గరే ఆగిపోతారు. తప్పేం లేదు, అవి అలాగే ఉంటాయి మరి. కానీ వారానికి రెండు మూడు గంటలే ఉన్నవాళ్ళు ముసలి కుక్కను ఎంచుకోమని నా సలహా. రోజూ చూసే కళ్ళకు చిక్కిపోవడం కనిపించదు. ఇంట్లో పిల్లలు ఎదగడం మనకు తెలియదు, పండక్కి వచ్చిన మేనత్త మాత్రం గుమ్మంలోనే “ఇంత పొడుగయ్యావేంట్రా” అంటుంది. షెల్టర్‌లో మీరు ఆ మేనత్త అన్నమాట. వారానికి ఒక్కసారి వచ్చే మీకే తేడా కనిపిస్తుంది. అందుకే ప్రతి వారం అదే కుక్క, వీలైతే అదే టైము.

పెద్ద జాతి కుక్కలకు ఏడేళ్ళకే ముసలితనం మొదలవుతుంది, చిన్నవాటికి పదేళ్ళ దాకా పట్టొచ్చు. నేను చూసేది మామూలు వీధి కుక్క, వయసు పన్నెండు ఉండొచ్చని డాక్టర్ అంచనా. పేరు సింహం. నోట్లో పళ్ళు సగం కూడా లేవు.

ఏమేం కావాలి

- ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే మీకే ఉంటుంది, షెల్టర్‌వాళ్ళకు ఉండదు.
- పాత నూలు చీర ఒకటి, పాత బొంతలు లేదా దుప్పట్లు రెండు.
- బరువు చూసే మెషిన్ (షెల్టర్‌లో లేకపోతే).
- గోమార్లు తీయడానికి చిన్న పట్టకారు, మూత ఉన్న డబ్బాలో సబ్బు నీళ్ళు.
- మెత్తటి బట్ట ముక్కలు, చేతి గ్లవ్స్.
- కాళ్ళు కప్పే బూట్లు, పాడైనా పర్లేదనుకునే బట్టలు.

బిస్కెట్ ప్యాకెట్లు ఈ లిస్టులో లేవు, గమనించండి.

చేయాల్సిన పని

1. ముందు ఫోన్, తర్వాత టీకా, ఆ తర్వాతే ప్రయాణం

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ 1992 నుంచి ఉంది. విశాఖలోనూ, చిన్న ఊళ్ళలోనూ ఇలా షెల్టర్లు నడిపేవాళ్ళు ఉన్నారు. ఏదైనా సరే, చెప్పకుండా వెళ్ళొద్దు. వాలంటీర్లకు ఏ టైము, ఎంత వయసు ఉండాలి, ఎవరికి రిపోర్ట్ చేయాలి అని అడగండి. కుక్క గురించి మూడు ప్రశ్నలు వేయండి: జబ్బులేంటి, మందులేం వాడుతున్నారు, ఎక్కడ ముట్టుకుంటే కోపం వస్తుంది. మూడోది చాలామంది అడగరు. నడుం నొప్పి ఉన్న కుక్క నడుం మీద చెయ్యేస్తే ఎంత మంచి కుక్కైనా నోరు తిప్పుతుంది.

రెగ్యులర్‌గా వెళ్ళాలనుకుంటే కరవకముందే వేసుకునే రేబీస్ టీకాల గురించి మీ డాక్టర్‌ని అడగండి. అవి వేసుకున్నా సరే, పన్ను గాటు పడితే పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ముసలి కుక్క, పళ్ళు లేవు, ఏం కాదులే అనే మాట కూడా వద్దు.

2. లోపల ఏ వరస

ముందు మీ ముసలి కుక్క, తర్వాత మిగతావి, జబ్బు కుక్కల గది చిట్టచివర. ఈ వరస తిరగేస్తే ఆ గదిలోని జబ్బును మీరే మోసుకొచ్చినట్టు. ఇంట్లో కుక్క ఉంటే తిరిగి రాగానే బట్టలు ఉతుక్కి వేసి, స్నానం చేశాకే దాన్ని ముట్టుకోండి. చెప్పులు బయటే.

3. దగ్గరికి వెళ్ళడం

ముసలి కుక్కకు సగం వినపడదు, సగం కనపడదు. నిద్రలో ఉన్నప్పుడు వెనక నుంచి వెళ్ళి నిమిరితే ఉలిక్కిపడి కరుస్తుంది. అది కోపం కాదు, భయం. ముందు వైపు నుంచి వెళ్ళండి. నేల మీద అరచేత్తో రెండుసార్లు తట్టండి, ఆ అదురు దానికి తెలుస్తుంది. రెండడుగుల దూరంలో పక్కకు తిరిగి కూర్చుని, చెయ్యి కిందికి వదిలేయండి. వాసన చూసుకోనివ్వండి. తల మీద చెయ్యి పెట్టడం మనకు ముద్దు, దానికి కాదు. మెడ పక్కన, ఛాతీ దగ్గర నిమరండి.

సింహం నన్ను గుర్తుపట్టడానికి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు కూడా తోక ఊపుతాడు తప్ప లేవడు.

4. ముట్టుకోకుండా ఐదు నిమిషాలు చూడటం

అందరూ వదిలేసేది ఈ మెట్టునే. నాకు అన్నిటికంటే పనికొచ్చింది కూడా ఇదే.

నిద్రలో ఉంటే పక్కటెముకలు ఎన్నిసార్లు లేస్తున్నాయో ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టినా 30 దాటుతోందంటే గుండె, ఊపిరితిత్తుల సంగతి డాక్టర్ చూడాలి. ఎండలో నడిచొచ్చి రొప్పుతున్నప్పుడు లెక్కపెట్టి కంగారు పడకండి.

లేచేటప్పుడు చూడండి. ముందు కాళ్ళతో లేచి వెనక కాళ్ళను ఈడ్చుకుంటోందా? ఒక పక్కకే ఒరుగుతోందా? ఒకే కీలును నాకుతూ కూర్చుంటోందా? పడుకోవాలని చూసి, పడుకోలేక గుండ్రంగా తిరుగుతోందా? ఇవన్నీ నొప్పి చేసే పనులే. కుక్క మూలిగితేనే నొప్పి అనుకోకండి. చాలా కుక్కలు మూలగవు.

తర్వాత పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. మెడ మీద చర్మం లాగి చూసే పద్ధతి ముసలి కుక్కల్లో అంత నమ్మకం కాదు, వాటి చర్మం ఎలాగూ సాగిపోయే ఉంటుంది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే ఇక మిగతా పనులు పక్కన పెట్టి డాక్టర్‌కి చెప్పండి.

కళ్ళలో నీలంగా మసక కనిపిస్తే వెంటనే శుక్లం అనుకోవద్దు. వయసుతో కంటి కటకం గట్టిపడితే అలాగే ఉంటుంది, చూపు పెద్దగా పోదు. పాలలా తెల్లగా ఉంటే అప్పుడు చూపించాలి.

థర్మామీటర్ పెట్టడం షెల్టర్‌వాళ్ళ దగ్గర నేర్చుకోండి. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మొదటి వారం 101.6 చూసి నాకు టెన్షన్ పట్టుకుంది, పరుగెత్తుకెళ్ళి చెబితే అందరూ నవ్వారు.

5. బరువు

మెషిన్ మీద ముందు మీరు ఒక్కరే నిలబడండి. తర్వాత కుక్కను ఎత్తుకుని నిలబడండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. ఛాతీ కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాలి. చంకల్లో చేతులేసి చిన్నపిల్లల్ని ఎత్తినట్టు లేపితే నడుం విరిగినంత నొప్పి. ఎత్తలేనంత పెద్ద కుక్కైతే వదిలేసి చేత్తో చూడండి. పక్కటెముకలు వేళ్ళకు తెలియాలి, కానీ కంటికి ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించకూడదు.

ఇరవై కిలోల కుక్క కిలో తగ్గితే చెప్పాల్సిన విషయం. రెండు కిలోలు తగ్గితే వచ్చే ఆదివారం దాకా ఆగకూడని విషయం.

6. నడక

వెనక కాళ్ళు బలం లేని కుక్కకు చీర ఉయ్యాల. పాత నూలు చీరను జానెడు వెడల్పు వచ్చేలా పొడుగ్గా మడిచి, వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్ట కింద నుంచి తీసి, రెండు కొసలూ పైన చేత్తో పట్టుకోండి. మగకుక్కైతే మూత్రం పోసే చోట బట్ట నొక్కకుండా చూడాలి, లేకపోతే పాపం ఆపుకుని నడుస్తుంది. సరిగ్గా పట్టుకున్నారో లేదో మీ చేతులే చెప్తాయి: పెద్దగా బరువు తెలియకూడదు. చేతులు లాగేస్తున్నాయంటే మీరు మోస్తున్నారు, అది నడవడం లేదు.

ఒకేసారి అరగంట తిప్పకండి. పది నిమిషాలు, విశ్రాంతి, మళ్ళీ పది నిమిషాలు. మెడ పట్టీకి బెల్ట్ కట్టి లాగకండి, ఛాతీకి వేసే పట్టీ మంచిది. ఎండాకాలంలో ఎనిమిది లోపే ముగించండి. రోడ్డు మీద మీ చెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉండలేవు. నాలుక బయటికి వేలాడేసి, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ. నీడకు తెచ్చి మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి గాలి తగలనివ్వండి, ఐసు గడ్డలు వద్దు, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

జారే టైల్స్ మీద ముసలి కుక్క నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా పోతాయి. పాత యోగా మ్యాట్ ముక్కలుగా కోసి, తిండి గిన్నె దగ్గరా పడక దగ్గరా వేస్తే చాలు.

7. పడక, ఒళ్ళు

గచ్చు మీద పడుకునే కుక్కకు మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం మొద్దుబారి, తర్వాత ఎర్రబడి, చివరికి పుండవుతుంది. బొంత నాలుగు మడతలు వేసి పరవండి. గోనె సంచి ఒక్కటే వేస్తే అది ఒరుసుకుంటుంది, సంచి కింద, బొంత పైన ఉండాలి. లేవలేని కుక్కను రెండు మూడు గంటలకోసారి పక్క మార్చాలి. మీరున్న రెండు గంటల్లో మీరు మార్చేది ఒక్కసారే, కాబట్టి మిగతా రోజంతా ఎవరు మారుస్తారో అడిగి తెలుసుకోండి.

స్నానం పోద్దామని ఉత్సాహపడొద్దు. చలికాలంలో అసలే వద్దు. గోరువెచ్చని నీళ్ళలో బట్ట ముంచి, పిండి, తుడిచి, వెంటనే పొడి బట్టతో ఆరబెట్టండి. మూత్రం తగిలి తొడల లోపల ఎర్రబడి ఉంటే ఆ చోటును కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

వానాకాలంలో తోక కింద, చెవుల్లో, కాలి వేళ్ళ మధ్య, పుండు చుట్టూ ప్రతిసారీ చూడండి. ఈగ వాలితే పురుగు పట్టడానికి ఒక్క రోజు చాలు. కుళ్ళిన వాసన ముందు వస్తుంది, పురుగు తర్వాత కనిపిస్తుంది. పురుగు పట్టిన పుండులో మనవాళ్ళు పెట్రోలు పోస్తారు, ఫినాయిల్ పోస్తారు, కలరా ఉండలు పొడి చేసి కూరతారు. ఇవన్నీ విషాలే. పురుగుతో పాటు కుక్క కూడా పోతుంది. షెల్టర్‌లో దానికి వేరే మందు ఉంటుంది, తెలిసినవాళ్ళే వేయాలి. మామూలు గీతలకైతే బెటాడిన్‌లో నీళ్ళు కలిపి పలచటి టీ రంగు వచ్చాక దానితో తుడవండి, అంతవరకే మన పని.

గోమార్లు చెవి లోపల, పట్టీ కింద, వేళ్ళ సందుల్లో ఉంటాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా లాగి, సబ్బు నీళ్ళ డబ్బాలో వేయండి. వేళ్ళతో నలపొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. గేదెలకు కొట్టే మందు తెచ్చి కుక్కకు రాసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. గోమార్లు కనిపించిన కుక్క డల్‌గా ఉండి, తిండి మానేసి, ముక్కులోంచి రక్తం వస్తే గోమార్ల జ్వరం అయ్యుండొచ్చు, రక్త పరీక్ష చేయించాలి.

8. తిండి, మందులు

మెత్తగా ఉడికిన అన్నం, ఎముక లేని ఉడకబెట్టిన చికెన్, గుమ్మడికాయ లేదా క్యారెట్. ఉప్పు, కారం, నూనె లేకుండా. కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు డాక్టర్ చెప్పిన తిండి తప్ప ఇంకేదీ వద్దు. చల్లారిపోయిన అన్నం ముట్టకపోతే కొంచెం వేడి నీళ్ళు కలిపి చూడండి. వాసన లేస్తే తింటుంది, ముసలి ముక్కుకు ఆ మాత్రం సాయం కావాలి. గిన్నెను పీట మీద పెడితే మెడ వంచక్కర్లేదు.

“రాత్రి బిర్యానీ మిగిలింది, తెచ్చాను” అని డబ్బాలతో వచ్చేవాళ్ళకు ఒక మాట. అందులో ఉల్లిపాయ ఉంది, వెల్లుల్లి ఉంది, ఉడికిన ఎముక ఉంది. మొదటి రెండూ కుక్క రక్తాన్ని పాడు చేస్తాయి, మూడోది విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు.

ఇప్పుడు సింహం సంగతి. చలికాలంలో ఆరు వారాల్లో రెండు కిలోల దాకా తగ్గాడు. అక్కడ పనిచేసే అక్కను అడిగితే, “మంచిగనే తింటుండు కదా, గిన్నె చూడరాదు, నాకి పెట్టిండు” అంది. నిజమే, గిన్నె ఖాళీ. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆమెకు లేదు, ముప్పై గిన్నెలు పెట్టి ముప్పై గిన్నెలు కడిగే మనిషి. ఆ ఆదివారం నేను కదలకుండా గిన్నె పక్కనే కూర్చున్నా. సింహం రెండు ముద్దలు తిన్నాడు, తల ఒక పక్కకు వంచి నమిలాడు, నోట్లోంచి ఒక ముద్ద జారి పడింది, ఆగాడు. పక్క గదిలోని కుర్ర కుక్క కమ్మీల సందులోంచి మూతి పెట్టి నిమిషంలో మిగతాదంతా ఊడ్చేసింది. తర్వాత డాక్టర్ చూస్తే ఎడమ వైపు దవడ పన్ను ఒకటి కుళ్ళిపోయి ఉంది. పన్ను తీశారు, గిన్నె గోడ వైపు మార్చారు. ఆ రెండు కిలోలూ తిరిగి రావడానికి ఉగాది దాకా పట్టింది.

కాబట్టి గిన్నె ఖాళీ అయిందంటే కుక్క తిన్నదని కాదు. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా కూర్చుని చూడండి.

నీళ్ళు కూడా ఇలాగే. కొలిచి పోసి, కొలిచి చూడండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే కిడ్నీ, షుగర్ లాంటివి ఉండొచ్చు. నీళ్ళు తక్కువ పెట్టడం మాత్రం దానికి మందు కాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని ఆడకుక్క నీళ్ళు బాగా తాగుతూ, తిండి మానేసి, వెనక నుంచి చీము లాంటిది కారుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. అది ఎమర్జెన్సీ.

మాత్రలు ఉడికిన గుడ్డు ముక్కలోనో అన్నం ముద్దలోనో పెట్టండి. ముందు ఉత్త ముద్ద, తర్వాత మాత్ర ఉన్న ముద్ద, వెంటనే ఇంకో ఉత్త ముద్ద. గోమార్ల జ్వరానికి ఎక్కువగా ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను పాలు, పెరుగులో కలపొద్దు, మింగాక కాస్త తిండో నీళ్ళో లోపలికి వెళ్ళాలి, లేకపోతే గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. మన ఇంటి మందుల డబ్బాలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా ఇవ్వొద్దు. సగం మాత్రే కదా అనొద్దు. “మా కుక్కకు ఇచ్చాం, ఏం కాలేదు” అనేవాళ్ళు ప్రతి వీధిలో ఒకరుంటారు.

9. రాసి, చెప్పి, అప్పుడు బయల్దేరడం

నా నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది:

“ఆదివారం, ఉదయం 7.40. బరువు 18.4 (పోయిన వారం 18.9). నిద్రలో ఊపిరి 22. చిగుళ్ళు బాగున్నాయి. అన్నం సగం, ఎడమ పక్క నమలడం లేదు. కుడి మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత ఎరుపు, పుండు లేదు. గోమార్లు 3, అన్నీ చెవుల్లో. నడక పది నిమిషాలు, ఒకసారి కూలబడ్డాడు. పళ్ళు చూడమని అక్కకు, ఆఫీసులో చెప్పాను.”

“బాగున్నాడు” అని రాయొద్దు. వచ్చే వారానికి ఆ మాట దేనికీ పనికిరాదు. అంకెలు, సైజులు, ఏ పక్క అన్నది రాయండి. పుండును ఫొటో తీస్తే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి.

చెప్పేటప్పుడు ఫిర్యాదులా కాకుండా చెప్పండి. “ఎవరూ చూడట్లేదా?” అని మొదలుపెడితే వచ్చే వారం మిమ్మల్ని ఎవరూ పలకరించరు. “అక్కా, వీడు ఈ పక్క నమలడం లేదనిపిస్తోంది, నువ్వు కూడా రేపు ఒకసారి చూస్తావా?” అంటే చూస్తుంది. మిగతా ఆరు రోజులు దాన్ని చూసేది ఆమే.

ఎక్కువగా చేసే తప్పులు

వారానికో కొత్త కుక్క. దీంతో మేనత్త కళ్ళు పోతాయి, మీరూ మామూలు చుట్టమైపోతారు. మూడు వారాలు వచ్చి నాలుగు వారాలు మానేయడం ఇంకో తప్పు. నెలకు రెండుసార్లే కుదురుతుందంటే రెండుసార్లే అని ముందే చెప్పండి, అది చాలు. ఇంటిల్లిపాదినీ తెచ్చి కుక్క చుట్టూ నిలబెట్టి ఫొటోలు తీయడం గురించి నేనేం చెప్పను.

ఇంటికి తీసుకెళ్ళి శని, ఆదివారాలు ఉంచుకోవచ్చా అని కూడా అడుగుతారు. షెల్టర్ ఒప్పుకుంటే ఉంచుకోవచ్చు, కానీ మెట్లు లేని ఇల్లు, ఇంట్లో వేరే కుక్క లేకపోవడం, రాత్రి ఎవరో ఒకరు లేవగలగడం ఉండాలి. ముసలి కుక్కలు రాత్రిళ్ళు దారి తెలియక తిరుగుతాయి, గోడ మూలలో ఇరుక్కుని నిలబడతాయి. చిన్న లైటు వేసి ఉంచండి.

ఆదివారమే అయినా ఆగకూడనివి

పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం. ఫిట్స్. కూలబడి లేవకపోవడం. పొద్దుట్నుంచి మూత్రం రాక ముక్కుతూ ఉండటం. చిగుళ్ళు తెల్లబడటం. కదలకుండా పడుకుని కూడా గస పెట్టడం.

ముందు షెల్టర్ డాక్టర్‌కి ఫోన్. ఆయన దొరక్కపోతే హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ఆంధ్రలో గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలు. సెలవు రోజు ఎవరు ఉంటారో, ఎన్నింటి దాకా ఉంటారో మొదటి వారమే కనుక్కుని, ఆ నంబర్లు నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకోండి. షెల్టర్ బండి తాళాలు ఎక్కడ పెడతారో కూడా అదే రోజు అడగండి.